ఇందూరు బోర్డులు, నియాన్ దీపాలు, ఒక మ్యూజియం

పాత వస్తువులను దాచుకోవడంలో మనవారికొక విచిత్రమైన పక్షపాతం ఉన్నది. అక్షరం రాతి మీద ఉంటే శాసనమంటాము. దానికొక సంఖ్య ఇచ్చి, అచ్చు తీసి, అందులోని ఒక్క సున్న గురించి పండితులు ఏళ్ళ తరబడి వాదించుకుంటారు. తాటాకు మీద ఉంటే బట్టలో చుట్టి గ్రంథాలయంలో భద్రపరుస్తాము. అదే అక్షరం దుకాణం ముందు రేకు మీదనో, చెక్క మీదనో, గాజుగొట్టం లోపలి వెలుగుగానో ఉంటే మాత్రం అది పాత ఇనుము. దుకాణం చేతులు మారిన రోజునే దించి తూకానికి వేస్తాము.

నిజానికి శాసనానికీ, అంగడి బోర్డుకూ ప్రయోజనం ఒక్కటే. ఇక్కడ ఫలానావారు ఉన్నారు, ఫలానా పని చేస్తున్నారు అని పదిమందికీ తెలియజెప్పడం. వెయ్యేళ్ళ నాటి దానశాసనానికి మనమిచ్చే గౌరవంలో నూరోవంతు మొన్నమొన్నటి వీధి బోర్డుకు ఇవ్వలేమా అన్నది ఈ టపాలో నా ప్రశ్న. నా మనసులో ఉన్న ఊళ్ళు రెండు: నిజామాబాదు, బోధను.

అమెరికాలోని లాస్ వెగాస్ నగరంలో నియాన్ బోర్డులకే ప్రత్యేకంగా ఒక మ్యూజియం ఉన్నది. 1996లో లాభాపేక్ష లేని సంస్థగా అది ఏర్పడింది. జూదశాలల ముందు, మోటళ్ళ ముందు, భోజనశాలల ముందు వెలిగి ఆరిపోయిన బోర్డులను సేకరించి ఆరుబయట ఒక ఆవరణలో నిలబెట్టారు. ఆ ఆవరణకు వాళ్ళు పెట్టుకున్న పేరును తెలుగులో చెప్పాలంటే 'ఎముకల దొడ్డి' అనాలి. పాల్ రెవియర్ విలియమ్స్ రూపకల్పన చేయగా 1961లో తెరుచుకున్న లా కోంచా మోటలు ముందుగదిని ముక్కలుగా కోసి, తరలించి తెచ్చి, మళ్ళీ అతికించి, దానినే సందర్శకుల ప్రవేశమందిరం చేసుకున్నారు. 2012లో అది ప్రజలకు తెరుచుకుంది. అక్కడి బోర్డులలో చాలావాటికి ఈనాటికీ సొంత వెలుగు లేదు. క్రింది నుండి పడే దీపపు కాంతిలో వాటిని చూడవలసిందే.

ఆ మ్యూజియం గురించి చదివినప్పుడు నన్ను ఆకర్షించినది దీపాల తళుకు కాదు, ఆ బోర్డులు ఎలా మిగిలాయన్న సంగతి. అక్కడి పెద్ద పెద్ద నియాన్ బోర్డులను హోటలు యజమాని చాలాసార్లు కొనుక్కోడు. తయారుచేసిన కంపెనీ దగ్గర అద్దెకు తీసుకుంటాడు. యంగ్ ఎలక్ట్రిక్ సైన్ కంపెనీ అటువంటిది. హోటలు మూతబడితే బోర్డు తిరిగి కంపెనీ దొడ్డికి చేరుతుంది. అలా దొడ్డిలో ఎండకు ఎండి పడి ఉన్నవాటితోనే మ్యూజియం సేకరణ మొదలైంది. అంటే వాటిని మొదట కాపాడినది కళాభిమానం కాదు, అద్దె ఒప్పందం. మన ఊళ్ళలో బోర్డు దుకాణదారు సొంతం. దించిన తరువాత అది ఎవరి దొడ్డికీ తిరిగి వెళ్ళదు. కనుక పాత సామాన్ల బండికి వెళుతుంది. మన దగ్గర మిగలకపోవడానికి మనం అరసికులం కావడం ఒక్కటే కారణం కాదు, మిగిల్చే ఏర్పాటు లేకపోవడం కూడా. ఈ మాటను కొంచెం గుర్తుపెట్టుకోండి, చివరకు మళ్ళీ పనికివస్తుంది.

నియాన్ అనగానే మనకు సంబంధం లేని పరదేశపు సరుకని తోస్తుంది. అంత దూరమేమీ లేదు. 1898లో లండనులో విలియం రామ్సే, మారిస్ ట్రావెర్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ద్రవీకరించిన గాలి నుండి ఈ వాయువును వేరుచేశారు. మనం పీల్చే గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 18 పాళ్ళు ఇదే. కొత్తది అన్న అర్థం వచ్చే గ్రీకు మాట నుండి దానికి పేరు పెట్టారు. ఆ రామ్సేనే కొద్దికాలానికి జంషెడ్జీ టాటా తలపెట్టిన విజ్ఞానసంస్థ ఎక్కడ నెలకొల్పాలో సలహా చెప్పడానికి మన దేశానికి వచ్చాడు. ఆ సంస్థ బెంగుళూరులో వెలసినప్పుడు దానికి మొదటి డైరెక్టరు ట్రావెర్స్. ఆ వాయువును గాజుగొట్టంలో నింపి, విద్యుత్తు పంపి, 1910లో పారిస్ మోటారు ప్రదర్శనలో వెలిగించినవాడు జార్జ్ క్లాడ్. గాలిని ద్రవీకరించే అతని వ్యాపారంలో ఉపఉత్పత్తిగా నియాన్ మిగిలిపోయేది. ఏం చేయాలో తోచక వెలుగు చేశాడు. చెరకు ఆడిన తరువాత మిగిలే పిప్పితో బాయిలరు మండించే బోధను వాసులకు ఇటువంటి తెలివి కొత్తదేమీ కాదు.

శుద్ధమైన నియాన్ ఎర్రని నారింజ రంగులో మాత్రమే వెలుగుతుంది. నీలానికి ఆర్గాన్, పాదరసం కావాలి. తక్కిన రంగులకు గొట్టం లోపల పూత వేయాలి, లేదా రంగుగాజు వాడాలి. అక్షరాన్ని అచ్చు పోయడం కుదరదు. గొట్టాన్ని మంట మీద మెత్తబరచి, పటం మీద పెట్టి, గాజు గట్టిపడేలోగా చేతితోనే వంచాలి. ఇంగ్లీషు అక్షరాలకే ఇది కష్టమైన విద్య. మన తెలుగు అక్షరానికి ఒళ్ళంతా వంపులే కదా అని సంతోషిస్తే, తలకట్టు విడిగా, ఒత్తు విడిగా, గుడి విడిగా ఉంటాయి. గొట్టం మాత్రం ఒకటే అయి సాగాలి. కనుక ఒక భాగం నుండి మరొక భాగానికి పోయే గొట్టాన్ని నల్లరంగు పూసి కనిపించకుండా చేయాలి. 'క్ష్మి' అన్న ఒక్క అక్షరాన్ని గాజులో వంచడం ఊహించి చూడండి. పోతన ఖతిని రూపొందించిన దేశికాచారిగారి శ్రమ విలువ తెలిసిన మనకు, ఈ పనివాడి శ్రమ విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నియాన్ అని అమ్మేవాటిలో చాలావరకు నియాన్ లేదు. ప్లాస్టిక్ తొడుగులో ఎల్.ఇ.డి. దీపాల తాడు అది. చవక, సులభం, కరెంటు తక్కువ తింటుంది. దుకాణదారుని తప్పుపట్టను. కాని గాజు వంచే చేయి ఒకసారి ఆ పని మానుకుంటే, మళ్ళీ నేర్పేవారుండరు. రేకు మీద కుంచెతో వ్రాసే చేతికి ఫ్లెక్సీ ముద్రణ వచ్చాక జరిగినదీ ఇదే.

ఇక ఇందూరుకు వద్దాము. ఇందూరులో లాస్ వెగాస్ వంటి దీపాల వీధి ఎన్నడూ లేదు. ఒకటి రెండు అక్షరాలు ఆరిపోయి, మిగిలిన వాటితోనే పేరు చెప్పుకునే లాడ్జీ బోర్డులు మాత్రం మనలో చాలామంది చూసే ఉంటారు. నేనడిగేది నియాన్ ఒక్కటే దాచమని కాదు. పసుపు అడితి దుకాణాలు, బీడీ కంపెనీలు, బియ్యం మిల్లులు, సినిమాహాళ్ళు, బట్టల అంగళ్ళు, మందుల షాపులు, వీటి బోర్డులు రేకువైనా, చెక్కవైనా, గాజువైనా అన్నీ కలిపి ఈ పట్టణపు శాసనసంపుటి.

ఆ శాసనాలను చదవడం ఎలాగో కొంచెం చెబుతాను. బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉన్నాయనుకోండి. ఏది పైన ఉంది, ఏది పెద్దదిగా ఉంది అన్నది చూస్తే యజమాని ఎవరిని ముందు పిలుస్తున్నాడో తెలుస్తుంది. బోధను దాటి మహారాష్ట్ర వైపు వెళ్ళేకొద్దీ మరాఠీ కూడా వచ్చి చేరుతుంది. చిరునామా చివర 'ఆం.ప్ర.' అని ఉంటే అది 2014 జూన్ 2కు ముందు వ్రాసినదని దాదాపుగా చెప్పవచ్చు. ఫోను నంబరుకు ముందు 08462 అనే సంఖ్య ఉంటే, ఆ దుకాణం దూరపు ఊళ్ళతో బేరం చేసేదనీ, సెల్ ఫోను ఇంకా ఇంటింటికీ రాలేదనీ గ్రహించాలి. 'ప్రొ.' అన్న పొడి అక్షరం తరువాత తండ్రి పేరు, ఆ పైన వేరే రంగులో కొడుకు పేరు చేరి ఉంటే, ఒక కుటుంబ చరిత్ర అంతా ఒక్క పంక్తిలో ఉన్నట్లే. క్రింది మూలన చిన్న అక్షరాలతో 'ఫలానా ఆర్ట్స్' అని పెయింటరు చేవ్రాలు ఉంటుంది. మన శాసనాలలో కూడా చివర వ్రాసినవాని పేరు, చెక్కినవాని పేరు ఉండడం మీకు తెలిసినదే.

ఈ ఊరికి వ్రాతతో మరొక అనుబంధం ఉన్నది. 1948లో దాశరథి కృష్ణమాచార్యులుగారు, వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఇందూరు కోటలోని జైలులో బందీలుగా ఉన్నారు. దాశరథిగారు అక్కడి గోడల మీద బొగ్గుతో పద్యాలు వ్రాశారనీ, జైలువారు వాటిని చెరిపించారనీ చెబుతారు. ఆ పద్యాలు గోడ మీద మిగలలేదు, మనుషుల నోళ్ళలో మిగిలాయి. అయితే ప్రతి వ్రాతకూ ఆళ్వారుస్వామి వంటి తోడు బందీ దొరకడు. నోట నిలవని మామూలు వ్రాతను వస్తువుగానే దాచుకోవాలి.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డు తగలవచ్చు. నిజాము పేరు ఉన్న బోర్డును, ఉర్దూ అక్షరాల బోర్డును భద్రపరచడమంటే ఆ పాలనను మెచ్చుకోవడం కాదా అని. కాదని నా సమాధానం, దానికి పోలండు దేశం సాక్ష్యం. వార్సా నగరంలో నియాన్ దీపాలను 1950లు, 60లలో కమ్యూనిస్టు ప్రభుత్వమే ప్రణాళిక వేసి పెట్టించింది. ఆ ప్రభుత్వం పోయాక, ఆ దీపాలూ దాని గుర్తులేనని చాలావాటిని పాడుబెట్టారు. 2005 నుండి ఇలోనా కార్విన్స్కా అనే ఛాయాగ్రాహకురాలు, డేవిడ్ హిల్ కలిసి వాటిని ఫొటోలు తీస్తూ, సేకరిస్తూ వచ్చి, 2012లో మ్యూజియంగా తెరిచారు. చూడవచ్చేవారు ఆ పాలన మళ్ళీ రావాలని కోరుకుని రారు. ఆ వీధుల్లో బ్రతికినవారు తమవారే గనుక వస్తారు. నిజాము జైలులో మగ్గిన కవీ మనవాడే, నిజాము పేరున్న కర్మాగారంలో చెరకు తూచిన కార్మికుడూ మనవాడే. ఒకరి కోసం రెండవవారిని చెరపవలసిన పనిలేదు.

ఆ కర్మాగారం సంగతే ఇందులో అసలు చిక్కు. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరు ఈ ప్రాంతపు నేలను మార్చివేసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆ పనికి ఇంజనీరు. కాలువ నీరు వచ్చింది, నీటి వెంట చెరకు వచ్చింది, చెరకు కోసం 1937లో బోధను దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు. జానకంపేట నుండి బోధనుకు రైలుమార్గం ఉన్నది. కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్ళను ఇప్పటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. ఒకనాడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దీనికి పేరుండేది.

పేర్ల మార్పు చూడండి. నిజాం షుగర్ ఫ్యాక్టరీ తరువాత నిజాం షుగర్స్ అయింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు వెళ్ళి నిజాం డెక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి బోధను, ముత్యంపేట, మంబోజిపల్లి, మూడు యూనిట్లనూ మూసివేశారు. 2019లో ఆస్తుల లిక్విడేషనుకు ట్రిబ్యునలు ఆదేశించింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ కోసం ఒక సంఘాన్ని వేసింది. కాగితాల మీద పేరు ఇన్నిసార్లు మారినా, జనం నోట అది 'ఎన్.ఎస్.ఎఫ్.' గానే నిలిచింది. యజమాని మారితే బోర్డు మారుతుంది; పని చేసినవాడి నోట పేరు మారదు. చరిత్రకు ఈ రెండూ కావాలి.

చిక్కు ఎక్కడ అంటే, మ్యూజియంలో పెట్టడమంటే ఒక విధంగా మరణధ్రువీకరణ. లాస్ వెగాస్‌లో కూల్చివేసిన జూదశాల మళ్ళీ లేచి వస్తుందని ఎవరూ ఎదురుచూడరు. బోధనులో ఎదురుచూపే ప్రధానమైన విషయం. మూతబడిన నాటి నుండి జీతం బకాయిల కోసం కార్మికులూ, క్రషింగు కోసం చెరకు రైతులూ అడుగుతూనే వచ్చారు. వారి దగ్గరకు వెళ్ళి, మీ గేటు మీది పేరును అందంగా అద్దాల వెనుక పెడతాము అంటే అది ఓదార్పు కాదు, అవమానం. కూలి బాకీ ఉన్నవాడికి స్మారకచిహ్నం చూపించడం మర్యాద కాదు.

అలాగని ఊరుకుంటే? ఊరుకున్నప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. లిక్విడేషను అంటే యంత్రం, పైపు, రేకు, అన్నిటికీ ఒకే తూనిక. గేటు మీది అక్షరాలకు ఆ తూనికలో విడిగా విలువ ఉండదు. పునరుద్ధరణ జరిగినా అంతే. కొత్త యాజమాన్యం మొట్టమొదట చేసే పని కొత్త బోర్డు పెట్టడం. ఏ దారిలో చూసినా పాత పేరు తుక్కుకే పోతుంది.

ముందు గుర్తుపెట్టుకొమ్మన్న మాట ఇక్కడ పనికివస్తుంది. వెగాస్ బోర్డులను అద్దె ఒప్పందం కాపాడింది. మనకు కావలసినదీ ఒక ఒప్పందమే. మన బోర్డుల మ్యూజియం దేనినీ దానంగా పుచ్చుకోకూడదు, కొనకూడదు. అప్పుగా మాత్రమే తీసుకోవాలి. దుకాణదారు కుటుంబం అడిగిన రోజున వారి బోర్డు వారికి తిరిగి ఇవ్వాలి. ఫ్యాక్టరీ బోర్డు విషయంలో రసీదు మీద ఒక్క వాక్యం అదనంగా ఉండాలి: కర్మాగారం గానుగ మళ్ళీ తిరిగిన నాడు ఈ పేరు తన గేటు మీదికి వెళ్ళవచ్చును అని. అప్పుడది సమాధిఫలకం కాదు, తాకట్టు. దానిని చూసిన ప్రతివాడికీ ఇంకా తీరని లెక్క ఒకటి ఉన్నదని గుర్తుచేస్తుంది. దాని ప్రక్కన వ్రాసే నాలుగు మాటలు కూడా అధికారి వ్రాయకూడదు. అక్కడ పనిచేసినవారు చెప్పగా వ్రాసుకోవాలి.

దీనికి కొత్త భవనం అక్కరలేదు. నిజామాబాదు తిలక్ గార్డెనులో పురావస్తు మ్యూజియం ఉన్నది. శిల్పాల సరసన ఒక్క గోడ ఇచ్చినా చాలు, ఆరంభం అవుతుంది. రాతి అక్షరానికీ రేకు అక్షరానికీ ఒకే కప్పు క్రింద చోటు దొరకడం నా మొదటి పేరాలోని పక్షపాతానికి తగిన ప్రాయశ్చిత్తం కూడా. ప్రభుత్వం ఆ గోడ ఇచ్చేలోగా మనమే చేయగలిగిన పని మరొకటి ఉన్నది. బోర్డు దించక ముందే, అది ఉన్నచోటనే, వీధితో సహా ఫొటో తీయాలి. కొలతలు, ఉన్న లిపులు, మూలనున్న పెయింటరు పేరు, ఎవరిని అడిగి తెలుసుకున్నామో, ఏ తేదీన తీశామో వ్రాసుకోవాలి. వ్రాసినది యూనికోడులోనే వ్రాయాలి. పాత ఖతుల్లో వ్రాసి ఇప్పుడు చదవలేక అవస్థపడుతున్న పుటలు మనకు తెలియనివి కావు. ఒకచోటనే ఉంచకూడదు కూడా. ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ 2009లో మూతబడినప్పుడు ఎందరి వ్రాతలు గాలిలో కలిసిపోయాయో తెలిసినవాళ్ళం.

ఒక హెచ్చరిక కూడా. పాత నియాన్ బోర్డు దొరికితే ఉత్సాహం కొద్దీ ప్లగ్గు పెట్టకండి. వాటి ట్రాన్స్‌ఫార్మర్లు వేల వోల్టులు ఇస్తాయి, నీలపు గొట్టాలలో పాదరసం ఉంటుంది. తెలిసినవాడు చూసేదాకా అది ఆరి ఉండడమే క్షేమం. వెగాస్‌లోనే చాలావాటిని వెలిగించకుండా ఉంచారన్నది మరువవద్దు. వెలగకపోయినా పేరు చదవడానికి వస్తుంది, ముందు కావలసినది అదే.

ఇదంతా చూసి, జీతాలు లేనిచోట అక్షరాల గొడవ ఏమిటని విసుక్కునేవారు ఉంటారు. వారి విసుగు న్యాయమైనదే. కాని ఒక్కమాట. బకాయి అడిగేవాడు మొదట రుజువు చేయవలసినది, తానిక్కడ పనిచేశానని. ఊరు తన బోర్డులను పోగొట్టుకుంటే, ఇక్కడ ఏముండేదో, ఎవరుండేవారో చెప్పే సాక్ష్యాలలో ఒకటి తగ్గుతుంది. అక్షరం అన్నం పెట్టదు. అన్నం బాకీ ఉన్నదని మాత్రం చెప్పగలదు.

ఇందూరు, బోధను, ఆర్మూరు, బాన్సువాడ వైపు బంధువులున్న మిత్రులు ఈసారి ఊరు వెళ్ళినప్పుడు బజారులో తల పైకెత్తి నాలుగు బోర్డులు చదివి రండి. అప్పు పద్ధతి మన దగ్గర సాగుతుందా, దుకాణదారులు ఒప్పుకుంటారా అన్న విషయంలో మీ అనుభవాలను, అభ్యంతరాలను తప్పక తెలియజేయగలరు.